కాలేజీకి వెళ్ళే అప్ప

అప్పకు, ఇంగ్లండు నుంచి నీ చెల్లి నరసమ్మ రెండు చేతులూ జోడించి రాసే సంగతులు.

అప్పా, నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? కాపడం పెట్టుకుంటున్నావా, మరిచిపోతున్నావా? బావకు దగ్గు తగ్గిందా? పోర్టు నుంచి ఎగిరొచ్చే ఆ ఎర్రదుమ్ము తగలకుండా కిటికీ మూసి పడుకోమను. కోడలికి ఎన్నో నెల? బిందెలు ఎత్తనీకు. మీ శీనుకు స్టీల్‌ప్లాంటులో పని ఖాయమైందా, ఇంకా రోజుకూలీగానే ఉన్నాడా? మీ క్షేమం తెలిసి పది వారాలైంది. ఉత్తరం రాకపోతే నాకు ఏవేవో తోస్తాయి. ఒక్క ముక్కైనా రాయించు.

ఇక్కడ మేము బాగున్నామని రాయాలి. రాయలేను. నీకే అబద్ధం రాస్తే ఇంకెవరితో నిజం చెప్పుకోను?

మా పిల్ల సత్యవతి చదువు సగానికి వచ్చింది. సముద్రం అడుగున ఉండే మట్టి గురించట. మన సముద్రంలో మట్టి లేదా అని నేనడిగితే మొదట్లో నవ్వేది. ఇప్పుడు నవ్వదు. చీకటితో వెళ్ళి చీకటితో వస్తుంది. ఇక్కడ నాలుగింటికే చీకటి పడిపోతుంది. చలి నా ఎముకల్లో దూరి కూర్చుంది. చేపలు దొరుకుతాయి కానీ తలా తోకా తీసేసి తెల్లటి ముక్కలు అమ్ముతారు, ఏ చేపో తెలియదు. పులుసు పెడితే పక్క గదివాళ్ళు తలుపులు మూసుకుంటారు. పగలంతా మాట్లాడటానికి నాకు మనవరాలు చిన్ని తప్ప ఎవరూ లేరు. దానికి నాలుగేళ్ళు నిండాయి.

ఇక అసలు సంగతి. చిన్ని నన్ను అమ్మా అనీ, కన్నతల్లి సత్యవతిని అప్పా అనీ పిలుస్తుంది కదా. అల్లుడు పచ్చకామెర్లతో పోయాక మేం ముగ్గురం మీ ఇంట్లోనే ఉన్నాం. సత్యవతి నన్ను అమ్మా అంటే అదీ అమ్మా అంది. శీను అక్క వరసని సత్యవతిని అప్పా అంటే అదీ అప్పా అంది. మేమంతా మురిసిపోయాం. నువ్వొక్కదానివే అన్నావు, "ఒలే నరసీ, నవ్వకే. ఆ గుంటకి తల్లెవులో తెలియాల" అని. నీ మాట విననందుకు ఇప్పుడు అనుభవిస్తున్నాను.

క్రితం నెల చిన్ని వెళ్ళే బడికి ఏదో ఆఫీసు నుంచి ఒక దొరసాని వచ్చింది. తండ్రి లేని పిల్లల బాగోగులు కనుక్కునే ఆఫీసట. మాట చెప్పడానికి ఒక మద్రాసు ఆవిడను వెంట తెచ్చింది. చిన్నిని తీసుకురావడానికి వెళ్ళిన నేను, ఆవిడ చీరా బొట్టూ చూసి మన వీధి మనిషి కనబడినట్టు పొంగిపోయాను. ఆవిడకు తెలుగు వచ్చీరానట్టు వచ్చు. ఇంట్లో ఎవరెవరుంటారు పాపా అని అడిగింది.

"అమ్మ ఇంటికాడ వొండుతాది. అప్ప కాలేజీకెల్తాది" అంది చిన్ని.

ఆవిడ నా వైపు తిరిగి, "అప్పావా? కాలేజీకా?" అంది.

"ఔనమ్మా, అప్పే. రోజూ ఎల్తాది" అని నేను తల ఊపి మరీ చెప్పాను. ఆవిడ రాసుకుంది.

వాళ్ళ భాషలో అప్పా అంటే నాన్నట, అప్పా!

పది రోజులకు సత్యవతికి కాయితం వచ్చింది. భర్త చనిపోయాడని రాసి గదీ, పిల్లకు బడీ తీసుకున్నారు, మరి పిల్ల తండ్రి రోజూ కాలేజీకి వెళ్తున్నాడని మీ ఇంటివాళ్ళే చెప్పారు, ఈ సంగతి ఎందుకు దాచారు అని. సత్యవతి అది చదివి నాకు చెప్పి, నవ్వడం మొదలుపెట్టి, ఆ నవ్వులోనే ఏడ్చేసింది. "సచ్చిపోయినోడ్ని కాలేజీకి పంపేసేవేటే అమ్మా" అంది.

ఆఫీసుకు వెళ్ళి అంతా చెప్పుకుంది. నమ్మినట్టూ ఉన్నారట, నమ్మనట్టూ ఉన్నారట. ఇంటికే వచ్చి చూస్తామన్నారు. ఈసారి తెలుగు మనిషిని తెచ్చి, నీ తల్లెవరు, తండ్రెక్కడ అని పిల్లనే అడుగుతామన్నారు. తేడాగా తోస్తే గది తీసేస్తారట. గది లేకపోతే చదువు మానుకుని రావాలి. సగం చదువుతో వస్తే అక్కడ కాలేజీలో దాని ఉద్యోగం ఉండదు. మళ్ళీ ముగ్గురం మీ మీదే పడాలి.

అందుకని, తనను అమ్మా అని పిలవడం పిల్లకు నేర్పమంది సత్యవతి. నేర్పుతున్నాను.

"చిన్నీ, మీయమ్మ ఎవులే?"

"నువ్వే."

"నాను కాదే, నాను అమ్మమ్మని. అమ్మంటే అదిగో, అక్కడ కూకుంది."

"అది అప్ప."

"అమ్మా అనవే, బిస్కట్టెడతాను."

"నాకొద్దు బిస్కట్టు. నువ్వే అమ్మవి."

సత్యవతి పుస్తకం ముందు పెట్టుకుని వింటూనే ఉంది. ఆ పూట ఒక్క పేజీ తిప్పలేదు.

నాలుగు రోజులుగా చిన్ని అమ్మా అని పిలిస్తే నేను పలకడం మానేశాను. అలాగైతేనే దారికొస్తుందని నేనే అనుకున్నాను, ఎవరూ చెప్పలేదు. నిన్న మెట్ల మీద పడి మోచెయ్యి గీరుకుంది. అమ్మా అమ్మా అని ఏడుస్తూ నా దగ్గరకే వచ్చింది. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను, అప్పా. సత్యవతి ఎత్తుకోబోతే దాని దగ్గరకూ పోలేదు. ఈవేళ పొద్దుట్నుంచి ఎవరినీ ఏమనీ పిలవడం లేదు. నీళ్ళు కావాలంటే గ్లాసు చూపిస్తోంది. ఇద్దరం ఉండి దానికి ఎవరమూ లేకుండా చేశాను.

శీనే కదా నీకు ఇది చదివి వినిపించేది. ఒరే నాయనా, నీ తప్పు కాదురా. చిన్ని ఆ మాట నీ దగ్గర నేర్చుకున్నా, విని నవ్వింది నేను. అల్లుడు పోయినప్పటి మునిసిపాలిటీ కాయితం ఇంకో నకలు తీయించి పంపు. వేళకు అందదని తెలుసు. అయినా పంపు. కవర్లో సింహాచలం చందనం చిటికెడు పెట్టు.

బావకు, పెద్దత్తకు నా దణ్ణాలు చెప్పు, అప్పా. కోడలికి దీవెనలు. నువ్వు కొండ ఎక్కలేకపోతే కింద నుంచైనా స్వామికి చెప్పి, మా సత్యవతి తల మీద చెయ్యి వేసినట్టే అనుకుని దీవించు. నన్నూ దీవించు. వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా అప్ప అన్న మాట ఇంట్లో వినబడకూడదంది సత్యవతి. కూర్చున్నా లేచినా నిన్నే పిలుచుకునేదాన్ని, నోరు కట్టేసుకుని తిరుగుతున్నాను. అందుకే కాయితం మీద ఇన్నిసార్లు రాసుకున్నాను. అప్పా. అప్పా.

నీ చెల్లి,
నరసమ్మ

ఇది నీకు అందేసరికి ఏదో ఒకటి అయిపోయే ఉంటుంది. వాళ్ళు వచ్చే రోజు ఖాయం చేశారు. ఇరవై రెండో తారీకు, గురువారం, పొద్దున్న పదకొండు గంటలకు.