ఎనిమిదో కారుకు దీపాలు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇది నీకు చేరదని తెలుసు, అయినా నీకే చెప్పాలి. ఎనిమిదో కారుకు ఈ ఉదయం దీపాలు బిగించాను.

నంద్యాల షెడ్డులో నువ్వు రేకు కొట్టి చేసిన ఇద్దరు కూర్చునే కార్లకు సీట్లు కుట్టింది నేనే. బెంగళూరు షావుకార్లు ఎగబడి ఏడు కొనుక్కుపోయారు. ఫ్యాక్టరీ చిన్నకార్లు రాగానే మన గేటు తొక్కినవాడు లేడు. షెడ్డు మూతపడినా నువ్వు ఎనిమిదోదాన్ని కొడుతూనే ఉన్నావు. దీపాలు మాత్రం పెట్టనివ్వలేదు, కారుకు అవే కళ్లన్నావు. రేకు వంచడానికి మనకు రాతి అచ్చు చెక్కిచ్చిన ఆళ్లగడ్డ శిల్పి మాట పట్టుకున్నావు: "విగ్రహానికి కండ్లు తెరిసినంక ఉలి తగలగూడదప్పా."

పొద్దున దీపాలు బిగించాక, ఆ శిల్పికి చూపిద్దామని ఆ కారులోనే ఆళ్లగడ్డ పోయాను. ఆడమనిషి తోలుతోందని బస్టాండంతా నోరు తెరిచింది. తెరవనీ.

శిల్పి బానెట్టు నిమిరి, "ఇన్నేండ్లూ దీపాలు ఎందుకు పెట్టల్యామ్మా మీ యన్న?" అన్నాడు.

"ఇంగా కొట్టేదుందంటాండె సామీ."

"ఏం ల్యా. ఎప్పుడో అయిపోయింది."

ఇంటికొచ్చాక ఎడమ తలుపు మీద నీ సుత్తి సొట్ట ఒకటి కనిపించింది. సరిచేద్దామని నీ సుత్తి తీశాను. దీపాలు వెలుగుతున్నాయి. సుత్తి మళ్లీ పెట్టెలో పెట్టేశాను.

నీ చెల్లెలు