మజ్జిగలో కలిపినది

గురజాల,
శుక్రవారం.

చిరంజీవి వందనకు నాన్న దీవెనలు. ఇక్కడ మేమిద్దరం క్షేమమని రాయాలి. నా వరకు అది నిజం. మీ అమ్మ అన్నం బాగానే తింటోంది. పత్తి తీతలు మొదలయ్యాయి, కూలీలు దొరకడం లేదు. నీ ఉత్తరం మంగళవారం అందింది. విశాఖలో కొత్త గదికి గాలి బాగా వస్తుందని రాశావు, సంతోషం.

డాక్టరు ఇంకో మాత్ర ఎందుకు రాశాడని అడిగావు. నేనూ ఆయన్ని అదే అడిగాను. "స్కిజోఫ్రీనియాకు మనం ఇస్తున్న మందు కొంతే పనిచేసింది. మాటలు వినిపించడం తగ్గింది, అనుమానం తగ్గలేదు. దాన్ని ఆపకుండా ఇంకొకటి చిన్న మోతాదులో చేరుద్దాం" అన్నాడు. సరిగా పనిచేయని మందుకు మళ్ళీ తోడెందుకు? మందుల షాపు ఆయన ఆసుపత్రి మెట్ల కిందే ఉంది. రక్తపరీక్షల గది దాని పక్కనే. నరసరావుపేట నుంచి వస్తూ ఆటో సుభానీ, "బాబాయ్, ఇయ్యాల రెండోది, వచ్చే నెల మూడోది. సంచి కాస్త పెద్దది కుట్టించుకో" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"మాత్ర రోజూ మింగుతోందా?" అని డాక్టరు రెండుసార్లు అడిగాడు. నన్ను అనుమానిస్తున్నాడని ఒళ్ళు మండింది. నేను రోజువారీ లెక్క రాసుకునే పుస్తకం తీసి ముందు పెట్టాను. ఎనిమిది నెలలుగా ఒక్క రోజు తప్పకుండా 'మాత్ర ఇచ్చాను' అని ఉంది. ఆయన పేజీలు తిప్పి, సరేనని కొత్త చీటీ రాశాడు.

కొత్త మందు మొదలుపెట్టావా అని కూడా అడిగావు. లేదమ్మా. కారణం నోటితో చెప్పలేను కనుక రాస్తున్నాను.

మందు మొదలైన మూడో నెలలో మీ అమ్మ మాత్ర ఉమ్మేయడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి పొడి చేసి, రాత్రి అన్నంలోకి ఇచ్చే మజ్జిగలో కలుపుతున్నాను. ఇచ్చానని రాశాను. మింగిందో లేదో రాయలేదు. మొన్న బుధవారం చూస్తే, ఆ మజ్జిగను గేదె కుడితి తొట్టిలో వంపుతోంది. ఎన్నాళ్ళుగా వంపుతోందో తెలియదు.

అక్కడే చెప్పేశాను. "హైమా, అందులో కలిపింది నేనే."

ఆమె అరవలేదు. "నాకు తెలవదా ఏంది? మజ్జిగలో ఏందో కలుపుతుండారని డాక్టరుకు చెప్పాగా. నువ్వు పక్కనే కూచోని నేల చూపులు చూశావు. ఆయనేమో జబ్బని రాసుకున్నాడు" అంది.

నిజం వందనా. ఆమె చెప్పిన నిజాన్ని జబ్బుగా రాస్తుంటే నేను నోరు తెరవలేదు. అలాగని జబ్బు లేదని కాదు. ఇప్పటికీ గోడవైపు తిరిగి ఎవరికో జవాబులు చెబుతోంది. రెండో మందు కావాలో అక్కర్లేదో డాక్టరే తేల్చాలి, కానీ అసలు సంగతి తెలిసి తేల్చాలి.

నిన్న పాత మాత్రను ఆమె అరచేతిలోనే పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేసింది. "ముందు ఆయనకు చెప్పు. నేను చెబితే నమ్మడయ్యా. నువ్వు చెప్పినాక, ఆయన ముందరే మింగుతా" అంది.

రేపు పొద్దున్నే బయలుదేరుతున్నాం. ఈ ఉత్తరం అందిన రోజు సాయంత్రం ఫోన్ చేయి. నేను డాక్టరుకు ఏం చెప్పానో నన్ను అడగకు, మీ అమ్మను అడుగు.

ఇట్లు,
మీ నాన్న
యల్లమంద