తడి ఆరని పాదు

అక్కా, నీ చెల్లెలు రాజవ్వ నీ కాళ్లకు దండం పెట్టి రాస్తున్నది. నీ మోకాళ్లు ఎట్లున్నాయి? బావ దగ్గు తగ్గిందా? ఇక్కడ నేను, బిడ్డ, అల్లుడు బాగానే ఉన్నాం, ఫికర్ పెట్టుకోకు. ఫోనులో చెబితే బిడ్డ విని నవ్వుతుందని రాస్తున్నాను.

బిడ్డ హన్మకొండలో కొన్న ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నాకు పొద్దుపోదు. వాళ్లిద్దరూ డ్యూటీకి పోతే గొళ్లెం పెట్టుకొని కూర్చుంటాను. నల్లా నీళ్లు చప్పన, నోటికి కూర సహించదు. గోడ పొడుగునా ఉన్న నందివర్ధనాలకు నీళ్లు పోయడమొక్కటే నా పని. అవి కూడా ఆకులు పసుపుబారి రాలుతున్నాయి. పొద్దున్నే వెళితే వాన లేకున్నా పాదులు తడిగా ఉండేవి. అయినా పాపం ఎండుతున్నాయని నేనింకా పోసేదాన్ని. ఆ చెట్లు పెట్టినామె చనిపోయాకే ఇల్లు అమ్మారని పక్కింటామె చెప్పింది. అప్పటి నుంచి బుగులు పట్టుకుంది.

బిడ్డకు చెబితే, "దయ్యం నీళ్లు పోస్తదా అమ్మా? అయితే జర బట్టలు గూడ పిండమను" అని నవ్వింది. "గవి సచ్చినట్టే. నర్సరీ నుంచి కొత్తయి తెప్పిస్త, పీకేద్దాం."

ఒకనాడు తెల్లారగట్ల గోడ అవతల నుంచి చెంబు పట్టిన చెయ్యి లోపలికి వచ్చింది. నా పానం పోయిందనుకో. చూస్తే ఎవరో ముసలాయన.

"బుగులు పడకు చెల్లె. మా ఇంటామె పెట్టిన చెట్లివి. నీళ్లు మర్వకని చెప్పి పోయింది. పొయ్యకుంటె కలలకొచ్చి దూప దూప అంటది."

"నేను సుత పోస్తున్న గదనే అన్నా! అందుకే వేర్లు మురుగుతున్నయ్."

"అయితె నువ్వు బంద్ చెయ్యి" అని వెళ్లిపోయాడు.

బంద్ చేశాను. జర ఆగమని బిడ్డను బతిమాలాను. గోరుతో బెరడు గీకి చూస్తే గేటు పక్కదానికే లోపల పచ్చి ఉంది. చిగురు సుత వేసింది. మిగతావన్నీ కట్టెలే.

కానీ అక్కా, ఇప్పుడు కొన్నాళ్లుగా ఆ పాదు పొడిగా ఉంటున్నది. ఆయన రావడం లేదు. పేరు అడగలేదు, ఇల్లెక్కడో అడగలేదు. ఇప్పుడెక్కడ ఉంటున్నాడో పక్కింటామెకు సుత తెలియదట. తడి చూసి బుగులుపడ్డదాన్ని, ఇప్పుడు పొడి చూసి బుగులుపడుతున్నాను.

ఎండినవి ఆదివారం పీకించు, గేటు పక్కది మాత్రం ముట్టొద్దని బిడ్డకు గట్టిగా చెప్పాను. ఈ పొద్దున నేనే చెంబు పట్టుకొని వెళ్లి, "ఆయన రాలేదమ్మా, నేను పోస్తున్న, తాగు" అని పోశాను. పరాయి చేతి నీళ్లు ఆమె తాగుతుందా? నువ్వు పెద్దదానివి, నువ్వే చెప్పు.

బావకు, ఊళ్లో పెద్దలకు నా దండాలు. పిల్లలకు దీవెనలు. నేను బాగానే ఉన్నాను, ఫికర్ వద్దు. నన్ను చల్లగా ఉండమని దీవించు. ఎండలు ముదురుతున్నాయి, నువ్వు నీళ్లు తాగడం మర్వకు అక్కా.

నీ చెల్లె,
రాజవ్వ