వదిన స్లైడ్

మంగళవారం, రాత్రి

కళ్లు మండుతున్నాయి, నిద్ర మాత్రం రావడం లేదు.

మధ్యాహ్నం మైక్రోస్కోప్ కింద వదిన స్లైడ్ చూశాను. పరీక్షకు భయపడుతుంటే "వేరేవాళ్లు చూడరు, నేనే చూస్త" అని మాటిచ్చి మా ల్యాబ్‌కి తీసుకొచ్చింది నేనే. గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన కణాలు. కొన్నింటిలో కేంద్రకం ఉబ్బి, నల్లబడి, కిస్‌మిస్‌లా ముడతలు పడి ఉంది. చుట్టూ తెల్లటి ఖాళీ. హెచ్‌పీవీ వైరస్ పని. దాని ప్రోటీన్లు కేంద్రకంలోకి దూరి, కణం ఇష్టమొచ్చినట్టు విభజన చెందకుండా కాపలా కాసే ప్రోటీన్లను పడగొట్టేస్తాయి. ఇది క్యాన్సర్ కాదు. చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. ఈ మాటలు రోజూ ఎవరికో ఒకరికి చెబుతూనే ఉంటాను, నాకే విసుగొచ్చేంతగా.

సాయంత్రం నేరేడ్‌మెట్ నుంచి వదిన ఫోన్ చేసింది. "చూసినవా సుజాతా? ఏం లేదు గదా?"

"ఇంకా చూడలే వదినా."

వెనక నుంచి అన్న గొంతు. "జెర జల్ది చూడు చెల్లె. మీ వదిన పొద్దటిసంది పరేషాన్ అయితున్నది."

రేపు చెప్పక తప్పదు. క్యాన్సరా అని అడిగితే నా దగ్గర జవాబుంది. కానీ వదిన ముందు అడిగేది అది కాదు, ఎట్లా వచ్చిందని. శారీరక సంబంధం వల్ల సోకుతుందని చెప్పాలి. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, ఎన్నేళ్లుగా ఒంట్లో దాక్కుని ఉందో ఏ పరీక్షా తేల్చలేదని కూడా చెప్పాలి. అది నిజం.

ముక్కూ మొహం తెలియని డాక్టర్ చెబితే నమ్మేది. నేను చెబితే, ఆడపడుచు తన అన్నను వెనకేసుకొస్తోందని అనుకోదూ?