చెంగల్రాయన్న ముందు పన్ను

1948 జూన్ 4, మండపం

సిలోన్‌కు పడవెక్కే వాళ్ళందరినీ ఇక్కడ డాక్టరు చూస్తాడు. నేనూ గోవిందూ నోరు తెరిచాం, నాలుక చాపాం, బయటపడ్డాం. చెంగల్రాయన్న మాత్రం తెరవడు! నాదస్వరం ఊదే నోరు, తెరవమంటే సిగ్గా? చివరికి తెరిచాడు. డాక్టరు వేలు తగలగానే పై వరస ముందు పన్ను ఊగింది. గోవిందు అప్పటికే అవతలికి పోయాడు, చూడలేదు.

"ఎన్నాళ్ళ నుంచన్నా?"

"ఉగాది నుంచీ. గమ్మునుండు మునెప్పా. గోవిందుకు సెప్పొద్దు."

రేణిగుంటలో రైలెక్కినప్పటి నుంచీ మామిడిపండు కత్తితో కోసుకు తింటున్నాడు. మనిషికి నాజూకు వచ్చిందనుకున్నాను, బుద్ధిలేనివాణ్ణి.

జూన్ 5, స్టీమరు

గోవిందుకు ఒకటే వాంతులు. శ్రుతి పట్టే మనిషి, సొంత కడుపు పట్టుకోలేకపోతున్నాడు. "మన పక్క దేవుళ్ళందరికీ మొక్కినా. ఈ సముద్రం యే దేవుడి కిందికొస్తాదో తెలీకపాయె" అంటాడు.

నాకు పన్ను ధ్యాసే. అది పోతే నాదస్వరం కొసన నోట్లో పెట్టుకునే పీక మీద పెదవి నిలవదు, గాలి పక్కకు పోతుంది. అన్నకు నలభై ఆరేళ్ళు... ఊదడం తప్ప ఇంకో పని రాదు. మూడు ఊళ్ళలో మూడు కచేరీలు ఒప్పుకొని వచ్చాం.

జూన్ 7, జాఫ్నా

పిలిచినవాళ్ళు వ్యాను పంపారు. డ్రైవరు పేరు సెల్వం. ఇక ఊరూరూ తిప్పేది అతనే. మాట్లాడేది తమిళమే, అయినా మన పుత్తూరు సంతలో వినే తమిళం కాదు — రాగం తీస్తున్నట్టుంటుంది.

కోవెల్లో కచేరీ. అన్న తోడి రాగం ఎత్తుకున్నాడు, పక్కన నా డోలు. అంతమంది జనం, ఒక్క దగ్గు లేదు. అయ్యాక ఒక ముసలాయన తన భుజం మీది పట్టు కండువా తీసి అన్నకు కప్పాడు.

పన్ను నిలిచింది. స్వామీ, నీకు వెయ్యి దండాలు.

జూన్ 9, దారిలో

అడవి. రోడ్డుకు అడ్డంగా ఏనుగు. సెల్వం ఇంజను ఆపి బీడీ ముట్టించాడు. గోవిందు సీటు కింద.

జూన్ 11, కాండీ

చలి. కొండలు. మాట ఒక్కటీ అర్థం కాని ఊరు. నిన్న కచేరీ బాగా జరిగింది — పన్ను ఉంది, అది చాలు.

పొద్దున చెరువు గట్టున ఒకతను నడుముకు పొడుగాటి డోలు కట్టుకుని సాధన చేస్తున్నాడు. నిలబడి చూశాను. ఒక ముక్క వాయించి నా వైపు చూశాడు. నేను తొడ మీద జవాబు వాయించాను. ఇంకోటి వేశాడు. ఇంకోటి వేశాను. డోలు వాయించేటప్పుడు వేళ్ళకు తొడుక్కునే నా గూళ్ళు తీసి చూపిస్తే ఒకటి తన వేలికి తొడుక్కుని, డోలు మీద కొట్టి, పగలబడి నవ్వాడు. పోతుంటే సగం పనసపండు చేతిలో పెట్టాడు. ఏ జన్మలో చుట్టమో.

జూన్ 12

కొండ దిగుతున్నాం. అన్న నిద్రపోతున్నాడు, నోరు కొంచెం తెరిచి.

నా తాళం పరిగెడుతుందని రెండు మేళాల వాళ్ళు నన్ను వెళ్ళగొట్టారు. అప్పుడు ఈయన పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "పరిగెత్తేవోణ్ణి పట్టుకోవచ్చు, కదలనోణ్ణి యేం జేసేది" అన్నాడు. పద్నాలుగేళ్ళు! ఆ ఒక్క మాట మీదే నా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. ఒక్కసారి కూడా ఈ సంగతి ఆయనతో చెప్పలేదు. చెబితే "పోరా" అంటాడు.

జూన్ 14, కొలంబో

పోయింది. ఇడ్లీ తింటుంటే. ఇడ్లీ!

సెల్వం పళ్ళ డాక్టరు దగ్గరకు వ్యాను పరిగెత్తించాడు. కొత్త పన్నుకు వారం కావాలట. కచేరీ సాయంత్రం ఆరింటికి. అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. "నా పని అయిపోయిండాది మునెప్పా." భుజాలు కదులుతున్నాయి. నేనూ గోవిందూ బయటకు వచ్చి నిలబడ్డాం.

అప్పుడు తట్టింది. నా గూళ్ళు! గుడ్డపీలికలకు పిండి జిగురు పూసి వేలికి చుట్టి ఎండబెడితే రాయి అవుతుంది. కొత్తది చేస్తే ఎండడానికి రెండు రోజులు. చిటికెన వేలిది తీసి కత్తితో చెక్కాను. పన్నంత. తేనెమైనం పూశాను, తడి లోపలికి పోకుండా. అటూ ఇటూ పళ్ళకు పట్టుదారంతో కట్టాను.

"నీ వేలో?"

"నాలుగు సాల్లేన్నా."

"ఎంతసేపుంటాదిది?"

నాకేం తెలుసు.

జూన్ 15

ఇప్పుడు రాయగలుగుతున్నాను.

రెండు గంటలు వాయించాం. అన్న పై షడ్జం జోలికి పోలేదు — పన్ను మీద భారమంతా పడేది అక్కడే. కింద కిందనే, మెల్లగా, ఒక్కో స్వరాన్నీ బుజ్జగిస్తూ. "ఎంత నిదానం!" అని ముందు వరసలో వాళ్ళు తలలూపారు. వాళ్ళకేం తెలుసు, నిదానం కాదు, భయం. మంగళం మధ్యలో ఆయన బుగ్గ ఒక్కసారి జారింది, స్వరం తప్పింది. నేను డోలు మీద చెయ్యి బరువు పెంచి కప్పేశాను. ఎలాగో ముగించాడు.

వ్యానులో అడిగాను: "పన్నేదన్నా?"

"మింగేసినా. పిండే గదా!"

ముగ్గురం కళ్ళల్లో నీళ్ళు కారేలా నవ్వాం. అర్థం కాకపోయినా సెల్వం కూడా. నా చిటికెన వేలు పగిలింది, డోలు మూత మీద రక్తం మరక. ఇంత సంతోషం నా పెళ్ళినాడు కూడా లేదు.

జూన్ 20, కార్వేటినగరం

ఇల్లు. సెల్వం రేవు దగ్గర చేతులు పట్టుకుని వదల్లేదు. మంచివాళ్ళ మధ్యనే తిరిగి వచ్చాం. దేవుడి దయ.

జూలై 2, రాయవేలూరు

డాక్టరు కొత్త పన్ను పెట్టాడు. "ఊదితే నిలుస్తుందా?" అని అడిగాను. "నాదస్వరం ఊదేవాళ్ళకు నేనెప్పుడూ పెట్టలేదు. నెల తర్వాత ఊది చూడమనండి" అన్నాడు.

ఆగస్టు 3

నెల దాటింది. పీక ముట్టడు. "రేపు సూస్తాంలే." నిన్నా అదే మాట.

వదిన గుమ్మం దాకా వచ్చి మెల్లగా అంది: "రాత్రిళ్ళు పీక సేతిలో పెట్టుకోని కూసోనుంటాడు మునెప్పా. నువ్వయినా అడుగు." అడగలేను.

ఆగస్టు 6

పొద్దున్నే ఆయన వీధిలోకి పోయాను. లోపల నాదస్వరం! తలుపు కొట్టలేదు. అరుగు మీద కూర్చున్నాను. జేబులో ఈ పుస్తకం ఉంది, రాస్తున్నాను.

కింది స్వరాలు నిండుగా ఉన్నాయి. పైకి పోతాడు, పై షడ్జం ముందర ఆగిపోతాడు. మూడుసార్లు ఆగాడు.

"బైట యెవురు?"

"నేనేన్నా."

"వినద్దు, పోరా."

"పోను."

మళ్ళీ ఎత్తాడు. పంచమం. ధైవతం దాటాడు. నిషాదం మీద నిలిచాడు, ఒక్క మెట్టు పైన షడ్జం, ఇంకా నిలిచే ఉన్నాడు —