కుందేలు గడియారానికి కీ

నాయినా,

నువ్వు నూలు తేబోయినవ్, నా రైలుకు టైమైతాంది, అందుకే రాసి పోతాన్న. అన్నం, పప్పు పొయ్యి మీదున్నయి. బీపీ గోలి తిన్నంకనే ఏస్కో. హైదరాబాద్‌ల ట్రైనింగ్ నెల రోజులే, ఫికర్ చెయ్యకు.

ఇంకొక్కటి. మన నవనీత కుందేలు బొమ్మ గడియారం రేపు ఆగిపోతది. భయపడకు. అది సెల్లుతోని నడిచేది కాదు. పక్కకున్న చిన్న గుండీ తిప్పి రోజు కీ ఇయ్యాలె. మట్టెవాడ బజార్ల కొన్ననాడు దుకాణపాయిన ఆ సంగతి మా అక్కచెల్లెండ్లకే చెప్పిండు. నువ్వు ఇంటికాడ మగ్గం మీదున్నవ్.

చెల్లె నవనీత పోయి ఏడు నెలలాయె. పొద్దుగాల మగ్గమెక్కే ముందు గడియారం చెవి కాడ పెట్టుకొని, "నా బిడ్డ ఇంట్లనే ఉన్నది, అందుకే ఇది ఆగుతలేదు" అంటవ్. నువ్వు లేవకముందే రోజు కీ ఇచ్చింది నేనే నాయినా. ఒక్కనాడు మరిచిపోతే, చిన్నది అలిగిందని నువ్వు పొద్దంత అన్నం ముట్టలె. గప్పటిసంది నీకు చెప్ప మనసొప్పలె.

ఇగ నువ్వే ఇయ్యి. ఇరవై చుట్లు, మెల్లగ. బిగిసినట్టనిపిస్తే ఆపు. మగ్గం కాడ మాత్రం పెట్టకు, నూలు దుమ్ము లోపలికి పోతది. నేనొచ్చేదాక దాన్ని ఆగనియ్యకు.

యమున

గడియారం పెట్టుకున్నట్టే రోజుకొక్కపాలి ఫోన్ గూడ చెవి కాడ పెట్టుకో నాయినా. ఈ ఏడు నెలలు నేను గూడ ఇంట్లనే ఉన్న.