తిరుమలమ్మ అక్క ఇల్లు

సత్యవేడు దగ్గర, మీ నాయన ఊరి నుంచి
కార్తీక మాసం, ఆదివారం

చిట్టితల్లి కోమలికి,

అమ్మ ముద్దులు, దీవెనలు. నేనిక్కడ వేళకు తింటూ, నిద్రపోతూ, మాత్రలు మరచిపోకుండా వేసుకుంటూ చక్కగా ఉన్నాను. అక్కడ మలేసియాలో, మన ఈపోలో నువ్వూ, అల్లుడు హరినాథూ, పాపా కులాసాగా ఉన్నారని పార్సిల్‌లో నువ్వు పెట్టిన ఉత్తరం చూశాక మనసు నెమ్మదించింది. నీ తెలుగు అక్షరాలు ఆదివారం బడిలో నేను దిద్దించినంత గుండ్రంగానే ఉన్నాయి. ‘క్ష’ మాత్రం ఇప్పటికీ బోర్లా పడుతోంది.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటున్నాం కదా, ఇంత పొడుగు ఉత్తరం ఎందుకని అనుకుంటావేమో. ఫోన్లో నువ్వు నా ముఖం చూస్తావు. ముఖం చూసి కంగారుపడతావు. నీ కంగారు చూసి నేను మాట మార్చేస్తాను. కాగితం ముందైతే చివరిదాకా చెప్పగలను. నువ్వు కూడా పాపను పడుకోబెట్టి, తీరిగ్గా కూర్చుని చదువు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. కొత్త బాత్రూమ్ పని పూర్తయింది. మీ చిన్నాన్న కొడుకు మునికృష్ణ శ్రీ సిటీ ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చాక మేస్త్రీ పక్కనే నిలబడి కట్టించాడు. వేడినీళ్ళకు గీజరు ఉంది గానీ, కరెంటు ఉంటేనే. లేనప్పుడు దొడ్లో కట్టెల పొయ్యి. వీసా పొడిగింపు పని కూడా మునికృష్ణే చూస్తున్నాడు. నువ్వు పంపిన బెలాచాన్, ఆ ఎండు రొయ్యల ముద్ద పొట్లం విప్పగానే వీధిలో ముగ్గురు ఆడవాళ్ళు ముక్కు మూసుకుని వచ్చి, ఏం చచ్చిందని అడిగారు. తడ నుంచి వచ్చే ఎండు నెత్తళ్ళతో అదే కలిపి సాంబాల్ కారం నూరి పెడితే, అదే ముగ్గురూ గిన్నె తుడిచి పెట్టారు.

ఇల్లు ఎలా ఉందని ప్రతిసారీ అడుగుతావు. పెంకుటిల్లు. ముందు వీధి అరుగు, లోపల పడసాల, దాని చుట్టూ చిన్న చిన్న గదులు, వెనక వంటిల్లు, దొడ్డి. తలుపులు ఎంత పొట్టివంటే వచ్చిన కొత్తలో నా నుదురు ఒక్క రోజు కూడా మానలేదు. వంగి లోపలికి రావడం ఇప్పుడు అలవాటైపోయి, మొన్న తిరుపతిలో డాక్టరు గదిలోకి కూడా వంగి వెళ్ళాను. ఆయన నాకు నడుం నొప్పి అనుకుని దానికీ మందు రాశాడు!

ఊళ్ళో నన్ను ‘మలేసియామ్మ’ అంటారు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఈ దేశంలో కాలుపెట్టడం ఇదే మొదలు కదా, నాకు ఇది పరాయి దేశమే. ఇంట్లో మా అమ్మ నేర్పిన తెలుగు సరిపోతుందనుకున్నాను. వీళ్ళ మాట వేరు. వాళ్ళు నా మాటకు నవ్వుతారు, నేను వాళ్ళ మాటకు నవ్వుతాను. కానీ అంగడికి వెళ్తూ అరవంలో ‘కడైకి పోయొస్తా’ అంటే మాత్రం ఎవరూ తికమక పడరు. అరవ దేశం పక్కనే కదా!

ఇక్కడ ఎలా బతకాలో నాకు తిరుమలమ్మ అక్క నేర్పింది. ఫోన్లో నువ్వు చూశావే, పొడుగ్గా, జుట్టు బిగించి ముడి వేసుకుని, కెమెరా పెట్టగానే లేచి వెళ్ళిపోయే ఆవిడ. పంచాయతీ కొళాయి నీళ్ళు ఎప్పుడు పట్టాలి, కోతుల గుంపు వచ్చినప్పుడు ఏ కిటికీ ముందు మూయాలి, ఎవరింటికి చెప్పులేసుకుని వెళ్ళకూడదు, అన్నీ ఆవిడే చెప్పింది. ఆషాఢంలో నాకు విషజ్వరం వస్తే నువ్వు విమానం ఎక్కుతానని ఏడిచావు గుర్తుందా? ఆ వారమంతా ఆవిడ నా మంచం పక్కన నేల మీదే పడుకుంది. కసిరి కసిరి గంజి తాగించింది. “తాగకుంటే సస్తావు. మళ్ళా నీ బిడ్డకు నేను జవాబు చెప్పుకోవాల్నా?” అనేది.

పోయిన వారం వాయుగుండం పట్టి ఎడతెరిపి లేకుండా కురిసింది. గాభరాపడకు, నాకేమీ కాలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింటి పడమటి గోడ, అది మట్టి గోడ, నానిపోయి కడుపుబ్బినట్టు లోపలికి వచ్చింది. నేను కేక పెట్టాను. అక్క బయటికి రాకుండా, గోడ పక్కన పేర్చిన కట్టెలు తడుస్తున్నాయని వాటిని లాగుతోంది. నేను వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని ఈడ్చాను. ఇద్దరం పడసాలలో పడ్డాం. వెనకే గోడ కూలింది. ఆ చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. ఒళ్ళంతా మట్టి. ఆమె లేచి కూర్చుని నా మీద విరుచుకుపడింది.

“నన్నెందుకు లాగితివిమే? పోతే పోనీ గదా! నీ పని సులువయ్యేది!”

ఆ మాట ఎందుకు అందో నాకు తెలుసు. నీకు తెలియదు. నీ ఉత్తరంలో చివర ఒక ప్రశ్న అడిగావు. “ఇల్లు అమ్మేశాక ఆ తిరుమలమ్మగారు ఎక్కడికి వెళ్తారమ్మా? ఇన్నాళ్ళూ ఇల్లు చూసుకున్నారు కదా” అని. ఎవరికీ రాని ఆలోచన నీకు వచ్చింది తల్లీ. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇంతసేపూ గీజరు గురించీ, కోతుల గురించీ రాస్తూ కూర్చున్నాను.

మీ నాయన పోయాక ఆయన ఇంటి సంగతి చూద్దామని నేను ఈ ఊరికి వచ్చిన రోజు ఏం జరిగిందో చెబుతాను. ఆటో దిగేసరికి వాకిట్లో ముగ్గు వేసి ఉంది. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇల్లు ఊడ్చి తుడవడానికి మునికృష్ణ పెట్టిన మనిషి అనుకున్నాను. “జీతం సరిగా అందుతోందా అమ్మా?” అని అడిగాను. మునికృష్ణ తల దించుకున్నాడు. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, నెమ్మదిగా అంది.

“నేను జీతానికి ఉండేదాన్ని కాదుమే. ధనంజయ పెండ్లాన్ని. నేనెవురో నీకు చెప్పనే లేదా ఆయప్ప?”

చెప్పలేదు, కోమలీ. మీ నాయన ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా చెప్పలేదు. ‘ఊళ్ళో నాకెవరూ లేరు’ అనేవాడు. అందుకే ఎన్నిసార్లు వెళ్దామన్నా మాట దాటేసేవాడని ఇప్పుడు తెలిసింది. ఆస్పత్రిలో చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి ఆగిపోయేవాడు. ఆయాసం వల్ల అనుకున్నాను.

ఆమెకు మీ నాయనతో పెళ్ళయిన కొన్నేళ్ళకు ఒక బిడ్డ పుట్టి పురిట్లోనే పోయిందట. తర్వాత మీ తాతతో మాటామాటా పెరిగి, మీ నాయన మేనమామ వెంట మలేసియా వచ్చేశాడు. మొదట్లో జాబులు వచ్చేవి, తర్వాత ఆగిపోయాయి. నన్ను చేసుకున్న సంగతి ఊరివాడెవడో తెచ్చి చెప్పాడు. నీ దోవ నువ్వు చూసుకోమని మీ తాతే ఆమెతో అన్నాడట. ఆమె వెళ్ళలేదు. ఎందుకని అడిగాను.

“యాడికి పోయేది? మా యత్త మంచంలో ఉండె. ఆయమ్మకు నీళ్ళు పోసేదెవురు? ఆయమ్మ పోయినాక మామ. మామ పోయినాక నాకే పోవాలని అనిపియ్యలా. అంతే. పెద్ద కత ఏమీ లేదు.”

మేం మొదటి రోజు నుంచే అక్కాచెల్లెళ్ళమై పోయామని అనుకోకు. మీ నాయన ఫోటో తెచ్చాను కదా, పడసాలలో పెట్టి దండ వేశాను. మర్నాడు అది గోడవైపు తిరిగి ఉంది. నేను ఇటు తిప్పాను. మళ్ళీ అటు తిరిగింది. కొన్ని రోజులు ఇలాగే నడిచింది. చివరికి నేనే ఓర్చుకోలేక అరిచాను.

“ఆయన నా భర్త! చచ్చిపోయినవాడి మీద ఏమిటిది?”

“నాకూ మొగుడే గదా,” అంది ఆమె. “ఆయప్ప సచ్చినాక నువ్వు ఏడిస్తివి. నేను ఆయప్ప బతికుండంగానే ఏడ్చేసినా. ఇప్పుడు తెచ్చి నా కండ్ల ముందర పెట్టి దండేస్తే నేనేం జేసేది, చెప్పు?”

ఫోటో తీసుకెళ్ళి నా గదిలో పెట్టుకున్నాను. ఆ తర్వాత చాలా రోజులు నన్ను ఒకటే ప్రశ్న తినేసింది. ఆమె భార్య అయితే మరి నేనెవరిని? ఆయనకు వండిపెట్టిన చేతులు, ఆయన చొక్కాలకు గుండీలు కుట్టిన చేతులు, చివరికి ఆయన నోట్లో నీళ్ళు పోసిన చేతులు ఎవరివి? వంటింట్లో ఆమె, అరుగు మీద నేను. ఎవరి అన్నం వాళ్ళు తినేవాళ్ళం. ఇల్లు అమ్మేసి పారిపోవాలనిపించేది. కొనేవాణ్ణి చూడమని మునికృష్ణతో నేనే అన్నాను. అప్పుడే జ్వరం వచ్చింది. మిగతాది నీకు తెలుసు.

గోడ కూలిన తర్వాత ఇంక ఇందులో ఉండకూడదని మునికృష్ణ పట్టుబట్టాడు. మొన్న శుక్రవారం కొనేవాణ్ణి తీసుకొచ్చాడు. శ్రీ సిటీ కార్మికులకు హాస్టళ్ళు నడిపేవాడు. ఇల్లు పడగొట్టి వరసగా గదులు కడతాడట. అతను టేపు పట్టి దొడ్డి కొలుస్తుంటే నేను అక్క కోసం వెతికాను. ఆమె తలస్నానం చేసి, చీరలు మూట కట్టుకుని, చెప్పులేసుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

“యాడికక్కా?” అన్నాను. వీళ్ళ మాట నా నోటికి అప్పుడే వచ్చింది.

“తడలో మా తమ్ముని కూతురుండాది. బస్సుకు టైమయింది. నాకు జెప్పేదానికి నువ్వు మొగమాట పడతా ఉండావని నేనే లేసినా. పొయ్యి మింద పాలుండాయి, సూసుకో.”

ఇంతలో ఆ కొనేవాడు చేతులు దులుపుకుంటూ వచ్చి అడిగాడు.

“ఏమ్మా, మాట ఖాయమేనా?”

“నన్నడుగుతారేం?” అన్నాను. “ఈ ఇంటి పెద్దకోడలు అరుగు మీద కూర్చుని ఉంది. ఆమెనడగండి.”

“పెద్దమ్మా!” అన్నాడు మునికృష్ణ కంగారుగా. మా ఇద్దరిలో ఎవరిని పిలిచాడో వాడికే తెలియదు. ఆ మనిషి అక్క వైపు తిరిగాడు. అక్క మూట మీద చెయ్యి వేసుకుని నన్నే చూస్తోంది. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఆమెను ఎవరూ ఏదీ అడగలేదట, తర్వాత చెప్పింది. బస్సు హారను కొట్టుకుంటూ మలుపు దాటి వెళ్ళిపోయింది. అప్పుడు అంది.

“అమ్మేది లేదుబ్బా. గోడ లేపేదానికి మంచి మేస్త్రీ ఎవురన్నా ఉంటే పంపించు.”

లోపలికి వెళ్ళి చూస్తే పాలు పొంగి పొయ్యంతా కారాయి. ఇద్దరం కూర్చుని తుడిచాం. ఆమె ముఖం అటు తిప్పుకుని తుడిచింది. నేనూ అంతే.

కోమలీ, ఇల్లు మీ నాయనది. నీకూ హక్కుంది. నేను ఒక్కదాన్నే ఖాయం చేసేస్తే తప్పవుతుంది. అందుకే అడుగుతున్నాను. ఆమె ఉన్నన్నాళ్ళూ దీన్ని ఆమెకు వదిలేద్దాం. నేనూ తనతో ఉంటాను. నిన్ను వదిలేస్తానని కాదు. పాప బడి సెలవులకు వస్తాను, పోతాను. కానీ ఇక మీద నా సామాను ఉండేది ఇక్కడే.

ఇది చదివి నువ్వు ఏడుస్తావని తెలుసు. కోపమూ వస్తుంది. నాకూ వచ్చింది, ఇంకా పూర్తిగా పోలేదు. కానీ నిన్ను సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని వానలో బడికి తీసుకెళ్ళిన మనిషి కూడా మీ నాయనే. అది అబద్ధం కాదు. ఇదీ అబద్ధం కాదు. రెండూ ఒక మనిషి చేసినవే. ఆ మనిషిని ఎలా తలచుకోవాలో నేను నీకు చెప్పలేను. ఎవరికి వాళ్ళమే తేల్చుకోవాలి.

అక్క పక్కనే కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. నేను ఏం రాస్తున్నానో ఆమెకు తెలుసు. ఇందాక తలెత్తకుండానే అడిగింది.

“ఆ బిడ్డ నన్ను ఏమని పిలస్తాది?”

“ఇంకేమని? పెద్దమ్మా అని.”

ఆమె చేట పక్కన పెట్టి దొడ్లోకి వెళ్ళింది. చాలాసేపటికి ముఖం కడుక్కుని వచ్చి, “నేనొక మాట జెప్తా, రాయి” అంది. చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

“అమ్మిణీ, మీ నాయన మింద కోపం నాది. అది నా తావే ఉండనీ. నువ్వు మొయ్యాల్సిన పన్లేదు. నువ్వు ఆయప్పను ఎట్ల తలుసుకుంటా ఉండావో అట్లే తలుసుకో. ఆ బిడ్డను ఎత్తుకుని ఒకసారి రా. గోడ లేపేస్తాము.”

ఇట్లు,
నీ అమ్మ, నీ పెద్దమ్మ